కాలి బోల్టు కోసం భద్రాచలం పోయొచ్చిన వైనం

భద్రాచలం పోయివచ్చినవాళ్ళు ఏం చెబుతారో మీకు తెలుసు. గుడి మెట్లెక్కామంటారు, స్వామిని కళ్ళారా చూశామంటారు, గోదావరిలో మునిగామంటారు. నేనూ పోయి వచ్చాను. గుడి మెట్లెక్కలేదు. గోదావరిలో మునగలేదు. నా కుడి పాదం మాత్రం మునిగింది. అది కూడా నేను వెంట లేకుండా, దానంతట అదే పోయి.

నేను పోయింది బోల్టు కోసం. వేలంత పొడుగు బోల్టు. దానికోసం ఎవరెవరి ముందు కాలు చాపానో, ఎవరేమన్నారో, పోనివాళ్ళకు తెలియాలని చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా బడి చిన్న టీచరమ్మ రాసింది. తిట్లన్నీ తీసేశానంటోంది. అవి తీసేశాక ఇందులో ఇంకేం మిగిలిందో నాకూ తెలియదు.

ఏన్కూరు

ముందు కాలి సంగతి చెప్పాలి. నా పెనిమిటి పోయిన ఏడాదే మిరపతోటలో ముల్లు దిగింది. చీము పట్టింది. ఖమ్మం దవాఖానాలో మోకాలి కింద కుడికాలు తీసేశారు. ఏడవాల్సింది అప్పుడే ఏడ్చాను, ఇప్పుడు మళ్ళీ చెప్పి మిమ్మల్ని ఏడిపించను. తర్వాత ఖమ్మంలో క్యాంపు పెట్టి కట్టుడు కాలు ఇచ్చారు. ఏ దేశం దొరలు పంపారో గానీ పాదం పచ్చగా, నున్నగా ఉండేది. పైన నల్లటి వీరమ్మ, కింద దొరసాని.

ఆ కాలు రెండు ముక్కలు. మోకాలికి తొడుక్కునే ప్లాస్టిక్ గొట్టం ఒకటి, రబ్బరు పాదం ఒకటి. మడమ కింది నుంచి ఒక బోల్టు ఎక్కించి, గొట్టం లోపలున్న నట్టులో బిగిస్తే రెండూ ఒకటవుతాయి. ఆ కాలి మీద నిలబడే మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతున్నాను. వానలు పట్టిన రోజుల్లో, ఒక గురువారం, గంజి వారుస్తుంటే బోల్టు పుటుక్కున తెగింది. గుండిగ నిలబడింది, నేను పడ్డాను.

మా పెద్దసారు లెక్కలు చెబుతారు. పరుగెత్తుకొచ్చి ముందు గుండిగను చూశారు, తర్వాత నన్ను చూశారు.

"వీరమ్మా, సోమవారం నాటికి రెండు కాళ్ళ మీద నిలబడి గరిటె పడితే సరి. లేకపోతే సర్పంచి మరదలు ఎప్పటి నుంచో అడుగుతున్నది."

"సారూ, ఇన్నేండ్ల నుంచి నేనే వండుతున్న గదా. పిల్లలకు నా చెయ్యి అలవాటైంది."

"చెయ్యిదేముందమ్మా? మనిషి పోతే మనిషి. అవే బియ్యం, అదే పప్పు, అదే గరిటె. ఎవరు తిప్పినా అదే కూర."

లెక్కల సారు గదా, ఆయనకు అంతా కూడికలే. ఆ వంట పోతే నాకు ఇంకో పని లేదు. నాట్లకు బురదలో దిగలేను, మిరపకాయలు ఏరడానికి రోజంతా వంగలేను. పొయ్యి ముందు నిలబడగలిగితేనే నాకు ఇంత బువ్వ.

సైదమ్మ నన్ను సైకిల్ షాపు జానీమియా దగ్గరికి మోసుకుపోయింది. సైదమ్మ అంటే నా ఆడబిడ్డ. మా ఆయన చెల్లెలు, మా ఆయన గొంతే, మా ఆయన మొండితనమే. జానీమియా డబ్బా బోర్లించి బోల్టులన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. చివరికి తల అరిగినది ఒకటి దూరింది.

"పట్టిందా భాయ్?"

"పట్టింది గానీ చెల్లె, పూర్తిగ పట్టలే. నీ నట్టు మిల్లీమీటర్లది, నా బోల్టు అంగుళాలది. రెండు చుట్లు తిరిగి, బిగిసినట్టు నాటకమాడుతున్నది. జనపనార చుట్టి ఎక్కించిన. ఊర్ల అయితే నడువు. ఊరు దాటినంక నాకు జిమ్మేదారీ లేదు."

"నేను పోయేది భద్రాచలం భాయ్." అక్కడ శనివారం ఉచిత కాళ్ళ క్యాంపు ఉందని, పాత కాళ్ళకు రిపేరు కూడా చేస్తారని బస్టాండు గోడ మీద కాగితం అంటించారు.

"అట్లయితే అల్లా జిమ్మేదారీ," అన్నాడు జానీమియా.

శుక్రవారం పొద్దున సైదమ్మా నేనూ బస్సెక్కాం. "నా కాలు మంచిగున్నది గాబట్టి నేను రాములోరిని చూస్త. నీ కాలు మంచిగ లేదు గాబట్టి నువ్వు బోల్టును చూడు వదినె" అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. కొంగున మా ఏన్కూరు కారం మూట కట్టుకున్నాను. మా మండలం దాటితే కారం పేరు చెప్పి ఇటుకపొడి పెడతారు.

కొత్తగూడెం

కొత్తగూడెంలో గాలి కూడా నల్లగా ఉంటుంది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి నా రంగుకు వస్తుంది. అక్కడి రైలు స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు. అప్పుడే రైలు దిగిన ఒక ముసలాయన, నెత్తిన మూట పెట్టుకుని, "గుడి ఎటు దిక్కున్నది బిడ్డా?" అని నన్నడిగాడు. గుడికి ఇంకా బస్సెక్కాలి, గోదావరి దాటాలి. ఆయన స్టేషను పేరున్న బోర్డు కేసి, నా కేసి మార్చి మార్చి చూశాడు. డబ్బా మీద ఏ సైజు రాసి ఉంటే లోపల అదే సైజు ఉంటుందన్న నమ్మకం నాకు అక్కడే సగం పోయింది.

హోటల్లో ఇడ్లీ ప్లేటు అయిదు రూపాయలు. చట్నీ చప్పగా ఉంది. నా మూట విప్పి కారం చల్లుకుంటే పక్క బెంచీవాళ్ళూ చెయ్యి చాపారు. తిన్నాక ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగి, ఆ ఊరికి పిల్లనివ్వకూడదని పక్కాయనకు చెప్పాడు.

అక్కడ పెద్ద హార్డువేరు షాపు ఉంది. సేటు అప్పుడే పూజ చేసి అగరుబత్తి వెలిగించాడు. నేను స్టూలు మీద కూర్చుని, కాలు ఊడదీసి, గల్లాపెట్టె ముందు పెట్టాను.

"అమ్మా, అమ్మా! బోణీ కాకముందే గల్లా మీద కాలు పెడుతవేందమ్మా!"

"కాలు పెట్టలే సేటూ, సామాను పెట్టిన. సామాను చూడకుండ బోల్టెట్ల ఇస్తవ్?"

సేటు మూతి బిగించుకుని, రెండు వేళ్ళతో కాలు తిప్పి, జానీమియా బోల్టు ఊడదీసి, నట్టును కొలిచాడు. అంతే, మొహం వెలిగిపోయింది. "పది ఎంఎం! దేశంల ఏ మూలకు పోయినా పది ఎంఎం అంటే పది ఎంఎమ్మే. స్టాండర్డ్ అంటే అదీ!"

కొత్త బోల్టు తెచ్చి నట్టులో తిప్పాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. నేను రాములవారికి అక్కడి నుంచే దండం పెట్టాను. తర్వాత పాదంలోంచి ఎక్కించబోతే తల దగ్గర ఆగిపోయింది. లోకంలో బోల్టులన్నిటికీ ఆరు పలకల తల. నా పాదంలో ఉన్న గుంటేమో పల్చటి పువ్వులాంటి తలకోసం చేసింది.

"మర తిరిగింది గద సేటూ?"

"తిరిగింది."

"పొడుగు సరిపోయింది గద?"

"సరిపోయింది. తల పట్టలే. ఆ కంపెనోళ్ళు తల ఒక్కటి వాళ్ళకు నచ్చినట్టు చేసుకున్నరు. మళ్ళ వాళ్ళకాడికే రావాలని."

"కొంచెం తొలవరాదూ?"

"తొలిస్తే రబ్బరు చీలుతది. చీలితే నువ్వు రేపు రెండో కాలు తెచ్చి గల్లా మీద పెడతవ్."

ఒళ్ళంతా లోకం కొలత, తల మాత్రం సొంతం. మా సర్పంచి కూడా ఇంతే. సేటు జానీమియా బోల్టునే నార చుట్టి మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు. మేం మెట్లు దిగుతుంటే వెనక గల్లా మీద పసుపునీళ్ళు చల్లుతున్న చప్పుడు వినిపించింది.

పాల్వంచ దాటినంక

కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనకబడ్డాక మా బస్సు టైరు పంక్చరైంది. స్టెప్నీలో కూడా గాలి లేదు. డ్రైవరు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఎదురొచ్చే బస్సును ఆపాడు. అది వేరే ఊరి బస్సు. ఆ డ్రైవరెవరో, ఈ డ్రైవరెవరో. బీడీ ముట్టించుకుని రెండు ముక్కలు మాట్లాడుకున్నారు. వాళ్ళ స్టెప్నీ దించి మా బస్సుకు ఎక్కించారు. చుట్టూ ఉన్న నట్లన్నీ పట్టాయి. 'ఇది మా చక్రం కాదు' అని బస్సు అనలేదు.

"బస్సు పుట్టుక పుట్టినా బాగుండేదే సైదమ్మా," అన్నాను.

"ఇప్పుడు మాత్రం నీకేం తక్కువ? పొగ, మోత అన్నీ ఉన్నయి," అంది.

వాళ్ళు చక్రం బిగించేలోగా రోడ్డు పక్క టీ కొట్టుకు నడిచాం. సన్నగా తుంపర పడుతోంది, మబ్బుకు పట్టపగలే చీకట్లు ముసురుకుంటున్నాయి. కొట్టు నడిపే ఆమె గ్లాసు అందిస్తూ కిందికి చూసింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేనూ కిందికి చూశాను. జానీమియా బోల్టు లూజై, నా కుడి పాదం గిర్రున తిరిగి వెనక్కి చూస్తోంది. వేళ్ళు వెనక, మడమ ముందు.

దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మీ ఊళ్ళోనూ చెప్పే ఉంటారు. అక్కడ బజ్జీలు తింటున్న ఇద్దరు కూలీలకు కూడా చెప్పినట్టున్నారు. బజ్జీలు నోట్లో ఉండగానే లేచి నిలబడ్డారు.

"తల్లీ," అంది కొట్టు ఆమె. "పైసలొద్దు. చాయ్ తాగి నీ దారిన నువ్వు పో. మా ఇంటి దిక్కు రాకు."

"భయపడకురి," అంది సైదమ్మ. "మా వదినె బతికే ఉన్నది. గిట్లనే ఉంటది."

ఆ మాటతో వాళ్ళ భయం ఇంకా పెరిగింది. నాకెందుకో అది తప్పని చెప్పబుద్ధి కాలేదు. "రెండు బజ్జీలు గూడ పెట్టు," అన్నాను. నాలుగు పెట్టింది, వేడివేడివి ఏరి. ఇన్నాళ్ళూ నూరుమందికి వండి వార్చాను, ఒక్కరూ ఇట్లా నిలబడి మర్యాద చేయలేదు. తిన్నాక వంగి పాదం పట్టుకుని ముందుకు తిప్పుకున్నాను. 'కిర్రు'మంది. కూలీలిద్దరూ రోడ్డు దాటి చెట్లలోకి పరుగెత్తారు. వాళ్ళ బజ్జీలు సైదమ్మ పొట్లం కట్టించుకుంది.

భద్రాచలం

రాత్రి సత్రంలో పడుకున్నాం. భద్రాచలంలో ఎవరిని పలకరించినా అడిగే మొదటి మాట "ఏం మొక్కు?" అని. "బోల్టు" అంటే ఎవరికీ అర్థం కాలేదు. తెల్లారి సైదమ్మ గుడికి, నేను క్యాంపుకు.

కాళ్ళు లేనివాళ్ళకు కాళ్ళు ఇచ్చే హాలు మేడ మీద ఉంది. మెట్లకు అడ్డంగా రిబ్బను కట్టారు. పెద్దమనిషి వచ్చి కత్తిరించేదాకా కర్రలవాళ్ళం, చక్రాల బల్లలవాళ్ళం అంతా కింద వానలో కూర్చున్నాం. ఆయన పొద్దెక్కాక వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. "మీరంతా మీ కాళ్ళ మీద మీరు నిలబడాలి" అని ఉపన్యాసం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం, చేతులున్నాయి గదా. తర్వాత పిర్రల మీద పాకుతూ మెట్లెక్కాం.

నా వంతు వచ్చింది. బల్ల వెనక తెల్లకోటు సారు నా కాలు అందుకుని, అటూ ఇటూ తిప్పి, అంటరానిదాన్ని ముట్టుకున్నట్టు బల్ల మీద పెట్టేశారు.

"అమ్మా, ఇది మా కాలు కాదు."

"అవ్ సారూ, నాది."

"అది కాదమ్మా. మా సంస్థ ఇచ్చిన కాలు కాదు. మాదైతేనే రిపేరు చేస్తాం."

"పాత కాళ్ళకు రిపేరని గోడ మీద ఏసిన్రు గద?"

"మా పాత కాళ్ళకు."

"రిపేరొద్దు సారూ, ఒక్క బోల్టు ఇయ్యి. నేనే తిప్పుకుంట."

సారు పెట్టె తెరిచారు. బోల్టులు తళతళా మెరుస్తున్నాయి. ప్రతిదానికీ నాలుగు పలకల తల, సైజు కూడా వేరే. "మా బోల్టు ఇంకెవరి కాలికీ పట్టదు. అదే మా ప్రత్యేకత," అన్నారు, అదేదో కొడుకు చదువు గురించి చెప్పినట్టు.

"వాళ్ళది మీకు పట్టదు, మీది వాళ్ళకు పట్టదు. నడుమ నడిచేది నేను గద సారూ?"

"కావాలంటే మొత్తం కాలే కొత్తది ఇస్తాం. ఇవాళ కొలత తీసుకుంటాం, రెండు నెలల తర్వాత వచ్చి తీసుకుపోండి. పాతది మాత్రం ఇక్కడ అప్పజెప్పాలి."

"అప్పజెప్పి నేనెట్ల పోవాలె?"

సారు నా వెనక్కి తొంగిచూసి, "మీకు తోడు ఎవరూ రాలేదా?" అన్నారు.

మొత్తం కాలు మార్చడం తేలికట, బోల్టు మార్చడమే కష్టమట. మా పెద్దసారూ ఈయనా ఒకే బడిలో చదివి ఉంటారు. ఇక్కడ నేను ఒక మాట అన్నాను. టీచరమ్మ రాయనంది.

కిందికి దిగి మెట్ల మీద కూలబడ్డాను. సోమవారం కళ్ళ ముందు తిరుగుతోంది. సర్పంచి మరదలి చేతిలో నా గరిటె కనిపిస్తోంది. పక్కన ఒక కోయ ఆమె కూర్చుని ఉంది, నాకంటే చిన్నది. అంతకుముందే చకచకా నడిచి వచ్చింది. చూస్తుండగానే నడుముకు దోపుకున్న సైకిల్ పానా తీసి, తన కట్టుడు కాలి పాదం విప్పేసింది. దాన్ని కింది మెట్టు మీదున్న మనిషికి అందించింది. ఆయన తన గొట్టానికి బిగించుకుని, లేచి, టకటకా మెట్లెక్కి కొలతలకు పోయాడు.

"చెల్లె! నీ పాదం ఆయనకెట్ల పట్టిందే?"

"మా తమ్ముడు లచ్చయ్య అక్కా. తాటిచెట్టు మీంచి పడ్డడు." ఆమె నవ్వింది. పేరు జోగమ్మ. "మా ఊర్ల అన్నీ ఒక్కతీరుగ చేసుకున్నం. ఏ క్యాంపోళ్ళు ఇచ్చినా సరే, ఆళ్ళ బోల్టు, నట్టు పీకి అవతల పారేస్తం. సైకిల్ వెనక చక్రం ఇరుసు ఉంటది గద, అది గుచ్చి, పైన ఒక నట్టు, కింద ఒక నట్టు. సైకిల్ లేని ఊరున్నదా అక్కా?"

"మరి ఒకరి కాలు ఒకరికి సరిపోతదా?"

"మోకాలి గొట్టం ఎవరిది ఆళ్ళకే. పాదం ఊరందరిది."

లచ్చయ్య దిగి రాగానే జోగమ్మ పాదం తాను బిగించుకుని, కర్ర తమ్ముడికిచ్చి, నా చెయ్యి పట్టుకుంది. "మా ఊరికి రా. రేపు సంతకు మావోళ్ళు ఎట్లాగూ ఇటే వస్తరు, నిన్ను బస్సెక్కిస్తరు."

జోగమ్మ ఊరు

గుడి నుంచి వచ్చిన సైదమ్మకు నుదుట బొట్టు, చేతిలో ప్రసాదం, నోట్లో సణుగుడు. నలుగురం ఆటోలో చర్ల దారి పట్టాం. టేకుచెట్ల మధ్య కొంత దూరం పోయాక వాగు అడ్డమొచ్చింది. ఆటోవాడు ఇక బండి రాదన్నాడు. మోకాటి లోతు నీళ్ళే గానీ అడుగున మెత్తటి బురద. నడుమ దాకా పోయాక నా కుడికాలు బురద పట్టుకుంది, నేను లాగాను. అల్లా జిమ్మేదారీ అక్కడితో తీరిపోయింది.

"వదినె, నీ కాలు పోతున్నది!" అని సైదమ్మ కేక.

"మళ్ళీనా!" అన్నాను నేను.

దొరసాని పాదం మడమ పైకెత్తుకుని, ఎర్రనీళ్ళలో ఊగుతూ, మలుపు తిరిగి గోదావరి దిక్కు పోయింది. గోదారమ్మకు పసుపు కుంకుమలు ఇచ్చేవాళ్ళున్నారు, చీరలు పెట్టేవాళ్ళున్నారు. నేను పాదం ఇచ్చాను. సైదమ్మ నన్ను వీపున వేసుకుని గట్టు చేర్చింది. అప్పుడు మాత్రం సణగలేదు. బోల్టు కోసం వచ్చి పాదం కూడా పోగొట్టుకున్న నన్ను చూస్తే దానికి తిట్టబుద్ధి కాలేదేమో.

జోగమ్మ వాళ్ళ వాకిలి అద్దంలా అలికి ఉంది. మా ఊళ్ళో ఎవరైనా పనిమీద బయల్దేరినప్పుడు నేనెదురైతే లోపలికి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. మొగుడు పోయినదాన్ని గదా. ఇక్కడ నేను ఎదురుపడ్డవాళ్ళంతా, "ఏ కాలు? కుడిదా, ఎడమదా?" అని అడిగారు. వెదురు కొమ్ముల కూర, జొన్న జావ పెట్టారు. కూర కమ్మగా ఉంది గానీ కారం లేదు. నా మూట విప్పాను. జోగమ్మ తల్లి చిటికెడు కలుపుకుని తిని, కుండెడు నీళ్ళు తాగి, మూట మాత్రం తన పక్కనే పెట్టుకుంది.

చూరుకు పాదాలు వేలాడుతున్నాయి. మన దగ్గర విత్తనానికి సొరకాయలు వేలాడదీస్తామే, అట్లా. పచ్చనిది, ఎర్రనిది, బూటులాంటిది, వేళ్ళు లేనిది. ఏ క్యాంపు పాదమైనా ఒకటే ఇరుసు. సంతకు పోయేవాళ్ళకు మంచి పాదం. నాట్లకు పోయేవాళ్ళకు అరిగిన పాదం. పెళ్ళికి పోయేవాళ్ళకు చెప్పు తొడిగిన పాదం. ఒక్క ముసలాయనకే ఎడమకాలు లేదు. క్యాంపులవాళ్ళు పంచినవన్నీ కుడి పాదాలే దొరికాయని ఎడమకాలికి కూడా కుడి పాదమే బిగించుకున్నాడు. ఆయన నడిస్తే దారి వంకర పోతుంది. తన ఇల్లు చేరడానికి ముందే ఒక మలుపు తీసుకుంటానని చెప్పాడు.

పాదాలు అన్ని ఉన్నా మనుషులకు సరిపోను లేవు. రేపు సంత. నాకు ఒకటి ఇవ్వాలా వద్దా అని వాళ్ళ భాషలో చాలా సేపు మాట్లాడుకున్నారు. నాకు మాట అర్థం కాలేదు. ఒకరు చూరు చూపించారు, ఒకరు సంత దారి చూపించారు, ఒకరు నన్ను చూపించారు. జోగమ్మ మాత్రం గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపిస్తూ ఏదో గట్టిగా చెప్పింది. నా వంట సంగతి చెబుతోందని అది మాత్రం తెలిసింది. చివరికి జోగమ్మ తల్లి లేచి, మూలనున్న ఒక పెద్ద నల్లటి పాదం దించింది.

"మా అయ్యది," అంది జోగమ్మ. "పోయిన చలికాలం చచ్చిపోయిండు. మొగోని పాదం అక్కా, పెద్దగుంటది."

సైదమ్మ నా చెవిలో, "చచ్చినోని పాదం వద్దు వదినె," అంది.

"నా మొగడు పోయిండు, నా కాలు పోయింది, ఆ పెద్దాయన పోయిండు," అన్నాను. "పోయినోళ్ళమంత ఒక జట్టు. నువ్వు ఊరుకో."

లచ్చయ్య నా గొట్టంలోని నట్టు సుత్తితో కొట్టి రాలగొట్టాడు. జోగమ్మ ఇరుసు గుచ్చి, పానాతో రెండు దిక్కులా బిగించింది. లేచి నిలబడ్డాను. పాదం నేలను పట్టుకుంది. మొదటిసారి పైనా కిందా ఒకటే రంగు.

"దీనికి నేనేం ఇయ్యాలె చెల్లె?"

"ఖమ్మంల మళ్ళ క్యాంపు పెడితే ఒక పాదం పంపు."

"ఒంటికాలిదానికి రెండు పాదాలు ఎట్లిస్తరే?"

"రెండుసార్లు లైన్ల నిలబడు. మేం గట్లనే తెచ్చినం."

మళ్ళీ ఏన్కూరు

సోమవారం పొద్దున్నే బడికి పోయాను. సర్పంచి మరదలు అప్పటికే వచ్చి కూర్చుంది. కొత్త స్టీలు గరిటె కొనుక్కుంది. శుక్ర, శనివారాలు ఆమే వండింది. పెద్దసారు బయటికొచ్చారు. ఆ కాస్త రోజుల్లోనే మొహం పీక్కుపోయింది. పిల్లలకంటే ముందు సారు తిని చూడాలని రూలు ఉంది, అది నాకు గుర్తుంది.

సారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "వీరమ్మా, ఇది పాత కాలేనా? పెద్దగా ఉన్నదేంటి?"

"పెరిగింది సారూ."

నేను పొయ్యి వెలిగించాను. అన్నం ఉడికింది, పప్పు దిగింది, పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. గంజి వార్చడానికి గుండిగ ఎత్తాను, బరువు కుడికాలి మీద పడింది. మడమ కింద టక్కుమంది. దారంతా నడిచి నడిచి లూజైన నట్టు జారి, దొర్లుకుంటూ పోయి, గంజి కాలువలో పడింది. గుండిగ దించి గోడ పట్టుకున్నాను. పాదం ఇరుసు మీద ఊగుతోంది.

సర్పంచి మరదలు కొత్త గరిటెతో లేచింది. "నేను వార్చనా సారూ?"

సారు ఆమెను చూశారు. నన్ను చూశారు. పప్పు గిన్నె చూశారు, గుటక మింగారు.

"సైకిల్ నట్టయితే చాలు సారూ," అన్నాను. "వెనక చక్రానిది."

మా సారు బండి కొనరు. పెట్రోలు దండగంటారు. ఆయన సైకిల్ వేపచెట్టుకు ఆనించి ఉంది. దాని దగ్గరికి పోయి, సీటు కింది సంచీలోంచి పానా తీశారు. వెనక చక్రం నట్టు ఒకటి విప్పారు. రెండు కాళ్ళ మీద నిలబడి రమ్మన్న మనిషి, రెండు మోకాళ్ళ మీద కూర్చుని నా పాదానికి నట్టు బిగించారు. బిడ్డలంతా చూస్తున్నారు. ఇది చెబుతుంటే టీచరమ్మ నవ్వు ఆపుకోలేక కలం కింద పెట్టింది.

సారు ఆ పూట రెండోసారి పెట్టించుకున్నారు. సాయంత్రం చక్రం వంకర తిరుగుతుంటే సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి పోయారు. సర్పంచి మరదలు గరిటె కూడా ఇంటికి పోయింది.

మరునాడు జానీమియా పాత డబ్బాలోంచి ఇంకో నట్టు ఏరి ఇచ్చాడు. సారు నట్టు విప్పి, రెండూ అరచేతిలో పెట్టుకుని, బడి మొదలు కాకముందే పోయాను.

"మీది మీరు తీసుకోండి సారూ."

"ఏది నాది?"

"చూసి తీసుకోండి. నాకు తెలిస్తే ఒక్కటే తెద్దును గద."

సారు కళ్ళజోడు పైకి జరిపారు. రెండూ ఎండకు పెట్టి చూశారు, చేతిలో బరువు చూశారు, మరలోకి ఊదారు. చివరికి ఒకటి తీసుకున్నారు. మిగిలింది నేను బిగించుకున్నాను. ఆయన సైకిల్ తిరుగుతోంది, నా పాదం నిలబడుతోంది. ఆయన తీసుకున్నది ఆయనదో నాదో ఇప్పటికీ ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

మొన్న నాకు జ్వరం వచ్చింది. నా బదులు సైదమ్మ పోయి వండింది. అవే బియ్యం, అదే పప్పు, అదే గరిటె. తాను వండిందని సారుకు తెలియకుండా తలుపు వెనక నిలబడిందట. సారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "వీరమ్మ ఏది?" అన్నారట.